మన చెట్లను మన మెఱుగుదుమా?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

  

రేపు సూర్యోదయ సమయమున మన గ్రంథాలయపు ముంగిటినుండి వృక్ష పరిచయ యాత్ర బయలుదేరనున్నది. దానినిగూర్చి నాలుగు మాటలు చెప్పుమని నిర్వాహకులు నన్ను కోరిరి. నేను వృక్షశాస్త్రము చదివినవాడను కాను. లెక్కలు వ్రాసి పొట్ట పోసికొనువాడను. తీరిక వేళలయందు ఈ గ్రంథాలయపు బీరువాలలోని కావ్యములను, నిఘంటువులను గురుముఖమున గాక నా యంతట నేను చదివికొన్నవాడను. అట్టివాడు చెట్లనుగూర్చి ప్రసంగించుట సాహసమని యెఱుగుదును. అయినను ఈ విషయమున నేను చేసిన తప్పు నొకదానిని మీ యెదుట ఒప్పుకొనవలసి యున్నది. ఆ తప్పే నా ప్రసంగమునకు మూలధనము.

మన మొదటి యాత్ర నాలుగేండ్ల క్రిందట వినాయక చవితికి రెండు దినములు ముందుగా జరిగినది. అంతకు ముందటి యేడు పట్టణపు బజారునుండి తెచ్చిన పత్రి కట్టలను మన పిల్లలు విప్పి చూచిరి. మామిడి, రావి, జిల్లేడు తప్ప తక్కిన యాకు లేవియో పెద్దలకే తెలియలేదు. పూజలో మాత్రము ఇరువదియొక్క పేళ్లను ఏటేట చదువుచునే యున్నాము. దేవదారువంటి హిమాలయ వృక్షము నటుంచినచో, ఆ పేళ్లలో పెక్కింటికి చెందిన మొక్కలు మన కాలిక్రిందనే యున్నవి. బృహతి యన వాకుడు. అపామార్గ మన ఉత్తరేణి. సింధువార మన వావిలి. శమి యన జమ్మి. అర్జున మన మద్ది. పూర్వము చవితి పత్రి కోయుటకు పిల్లలు పెద్దల వెంట పొలము గట్లపై తిరుగుటయే యొక వృక్షపాఠము. ఇందులోని ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు విషపు మొక్కలనియు, అవి పూజకే కాని నోటికి తగవనియు ఆ పాఠములోనే తెలిసెడిది. కట్ట బజారునుండి వచ్చిననాడు పాఠము పోయినది. దానిని తిరిగి ప్రారంభింపవలెనని మేము తలచితిమి.

ఆ యుదయమున ముప్పదిమంది దాక వచ్చిరి. పుస్తకజ్ఞానము కలవాడనని నన్ను ముందు నడిపించిరి. మేకలు కాచుకొను అవ్వ యొకతె అదే దారిని పోవుచు మా వెనుక నిలిచి వినుచుండెను. కొండ మొదట నొక లేతచెట్టు కనబడినది. ఆకులు ఎదురెదురుగా జంటలై యున్నవి. ఆకు మొదటినుండియే మూడు నాలుగు ఈనెలు బయలుదేఱి కొనవైపునకు సాగుచున్నవి. నేను పుస్తకమున చదివిన లక్షణములు సరిపోయినవి. సంతోషముతో, "ఇదియే కతకము, చిల్లచెట్టు. దీని గింజ నఱగదీసి కలిపినచో బురదనీరు తేటపడును. కాయలు పండినప్పుడు ఏరి యింటికి తీసికొనిపొండు" అని పిల్లలకు చెప్పితిని. ఒక బాలుడు కాగితముపై వ్రాసికొనెను గూడ.

అవ్వ ముందుకు వచ్చినది. "అది చిల్ల కాదయ్యా, ముష్టి. దాని గింజ కుండలో కలిపితే తెల్లారి ఆ ఇంట్లో ఎవురూ లెయ్యరు" అన్నది. పది బారల దూరముననున్న తల్లిచెట్టు కడకు మమ్ము తీసికొనిపోయి, నేలమీదనుండి పోయిన యేటి గింజలను ఏరి నా యఱచేతిలో పెట్టినది. అవి గుండీలవలె బిళ్లలై, బూడిదవన్నె నూగుతో పట్టువలె మెఱయుచున్నవి. "చిల్లకాయ చిన్నది, పండితే నల్లగా ఉంటాది, లోపలి గింజ గుండు. ఈ కాయ పండితే నారింజ మాదిరి. ఆకు చూసి చెప్పగూడదయ్యా, గింజ చూసి చెప్పాల" అన్నది. నాకు చెమట పట్టినది. ఆ బాలుని కాగితము నడిగి తీసికొని, నా చేతితోనే కొట్టివేసితిని.

అనంతరము పుస్తకములు తిరుగవేసి చూడగా, నేను పొరపడుటకు కారణము బోధపడినది. చిల్లయు ముష్టియు నొకే జాతి వృక్షములు. శాస్త్రజ్ఞులు రెండింటికిని స్ట్రిక్నోస్ అనియే పేరిడిరి. ముష్టి స్ట్రిక్నోస్ నక్స్ వామికా. చిల్ల స్ట్రిక్నోస్ పొటాటోరమ్. ఈ కడపటి మాటకు లాటిను భాషలో 'త్రాగువారిది' యని యర్థము. 1818 లో పెలెటియే, కావెంటూ అను ఫ్రెంచి రసాయనజ్ఞు లిద్దఱు ఈ జాతి గింజలనుండియే స్ట్రిక్నీన్ అను విషమును వేఱుచేసిరి. అది నరములను పట్టి కండరములను బిగింపజేసి, ఊపిరి యాడకుండ చేయును. ఒక యింటి పిల్లలలో ఒకడు నీరు తేర్చువాడు, మఱియొకడు ప్రాణము తీయువాడు. ముఖములు చూడబోయిన నొక్కటే పోలిక!

చిల్లగింజ నీటిని తేర్చు విధము గూడ చెప్పెదను. కుండ లోపలి గరకు వైపున గింజను తడిపి అఱగదీయుదురు. ఆ గంధము నీటిలో కలిసినప్పుడు, అందులోని మాంసకృత్తులును జిగురు పదార్థములును నీటిలో తేలుచున్న సన్నని మట్టి రేణువులను ఒకదానితో నొకటి అంటునట్లు చేయును. అంటుకొని బరువెక్కిన మట్టి క్రమముగ అడుగునకు దిగును. మునగగింజయు నిట్టి పనియే చేయును. సుశ్రుత సంహితలో మురికినీటిని తేర్చు ఏడు వస్తువులను లెక్కించుచు కతకమునే మొదట చెప్పినారు. అయితే తేటపడిన నీరెల్ల రోగరహితమైన నీరు కాదు. తేర్చిన పిమ్మట కాచి త్రాగుటయే క్షేమము.

మనుస్మృతి ఆఱవ అధ్యాయమున ఈ కతకమునే దృష్టాంతముగా గొని చెప్పిన మాట యొకటి కలదు. కతక ఫలము నీటిని తేర్చునదే యైనను, దాని పేరు పలికినంత మాత్రమున నీరు తేటపడదని దాని భావము. అక్కడి ప్రసంగము ధర్మమునుగూర్చినది. పైవేషము చాలదు, ఆచరణము వలయునని తాత్పర్యము. ఈ మాటను నేనెన్నిమాఱులు చదివితినో, ఎందఱికి వ్యాఖ్యానించితినో! పేరు వల్లించిన నాకు చెట్టు తెలియలేదు. పేరు వ్రాయనైన రాని అవ్వకు చెట్టు తెలిసినది. ఆమె యా పూట అటు రాకున్నచో నా పాండిత్యము ఏ యింటి కుండలో కలిసియుండెడిదో తలచుకొనిన ఇప్పటికిని గుండె దడదడలాడును.

ఇట్లనుటవలన పుస్తకము పనికిరానిదని నేను చెప్పుటలేదు. పేరు లేనిచో ఎఱుక ఒకరినుండి మఱియొకరికి ముట్టదు. కాని పేరు మాత్రమే పట్టుకొన్నచో ఎన్ని చిక్కులో చూడుడు. మన గ్రంథాలయము తెఱచిన తొలి యేడే నేను అమరకోశమును ఇంటికి గొనిపోయి ద్వితీయకాండములోని వనౌషధి వర్గమును కంఠస్థము చేసితిని. అందు అమృత యను పేరు మూడింటికి వచ్చును. తిప్పతీగ అమృత, కరక అమృత, ఉసిరిక అమృత. మొదటిది చెట్లపై ప్రాకు తీగ. తక్కిన రెండును వేఱువేఱు వృక్షములు. పాతగ్రంథమున అమృత నూఱి యిమ్మని యున్నచో, ఏ యమృతయో సందర్భమునుబట్టి ఎఱిగిన వైద్యుడే చెప్పవలెను.

తెలుగు పేళ్ల సంగతియు నంతే. వేప, తురకవేప, కరివేప, నారవేప అను నాలుగును అన్నదమ్ములని పేరునుబట్టి తోచును. వేపయు తురకవేపయు దాయాదులే. అయినను తురకవేప కాయలు తిన్నవారికి విషము. కరివేప నిమ్మ, నారింజల కుటుంబమునకు చెందినది. నారవేపయో, మన చింతచెట్టునకు చుట్టము. నేడు చేతిఫోనులో ఆకు చిత్రము తీసినచో పేరు చెప్పు సాధనములు వచ్చినవి. మన విద్యార్థులు వానిని వాడుచున్నారు, వాడవచ్చును. కాని యవి చెప్పిన పేరును సూచనగ గొనవలెను గాని తీర్పుగ గొనరాదు. ఆకును మాత్రమే చూచి నేను పడిన గోతిలో ఫోను పడదని ఏమి నమ్మకము?

పేరును చెట్టును ఒకచోట కలుపుటకు మార్గ మేది? చెట్టు కడకు నడచిపోవుటయే. ఇది మనము క్రొత్తగా కనిపెట్టినది కాదు. మొక్కలకు రెండేసి మాటల పేళ్లు పెట్టు పద్ధతిని 1753 లో స్థిరపఱచిన స్వీడను దేశపు లిన్నేయసు పండితుడు, ఉప్సాలా నగరము చుట్టును ఎనిమిది దారులు ఏర్పఱచి, శిష్యులను వెంటబెట్టుకొని నడచెడివాడు. వారు చెదరిపోయి మొక్కలు సేకరించి, విశ్రాంతి స్థలమున ఆయన చుట్టును చేరి పాఠము వినెడివారు. సాయంకాలము కొమ్ములూదుచు, భేరులు మ్రోయించుచు ఊరిలోనికి తిరిగివచ్చెడివారు. ప్రపంచమునకు మొక్కల నిఘంటువు వ్రాసిన మహనీయుడే నడక మానలేదన, మనమెంత?

మన తెలుగుదేశమున జరిగిన సంగతి నొకదానిని గూడ వినుడు. విలియం రాక్సుబరో అను స్కాట్లండు దేశపు వైద్యుడు 1781 లో సామర్లకోటకు వచ్చి, 1793 లో కలకత్తా వృక్షవాటికకు పోవువఱకు మన తీరపు మొక్కలను పరిశీలించెను. దేశీయ చిత్రకారులచేత వానిని రూపు దిద్దించెను. అందుండి ఎన్నిన 300 చిత్రములతో కోరమాండలు తీరపు మొక్కలనుగూర్చిన మహాగ్రంథము 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగా లండనులో వెలువడినది. అందు పెక్కు మొక్కలకు తెలింగులు పిలుచు పేళ్లను ఆయన వ్రాసెను. మన సోమిదమాను పేరు సోయ్మిడా యను శాస్త్రనామమై నిలిచినది. శేషాచల ప్రాంతపు తంబచెట్టు తెలుగు పేరునుబట్టియే షోరియా తుంబుగ్గయా యైనది. మన మాట ప్రపంచ శాస్త్రమున చెక్కుచెదరక యున్నదనుట గర్వింపదగిన విషయమే.

అయితే లెక్కలు వ్రాయువానికి మఱియొక ప్రశ్న తోచును. ఆ పేళ్లు దొరకు చెప్పిన దెవరు? కట్టెలు కొట్టువాడా? పశువులు కాచువాడా? వేళ్లు త్రవ్వి తెచ్చు ముసలమ్మయా? గ్రంథమున మొక్కకు పేరున్నది. చిత్రమునకు అంకె యున్నది. చెప్పినవారికి చోటు లేదు. ఆధారము లేని పద్దును మా వృత్తిలో ఒప్పుకొనము. అందుచేత మన గ్రంథాలయమున ఉంచిన చెట్ల ఖాతాలో నేను ఎనిమిది గడులు గీసితిని: తేది, చోటు, మన యూరి పేరు, సంస్కృత నామము, శాస్త్రనామము, గుర్తులు, ఉపయోగము లేక యపాయము, చెప్పినవారు. ఎనిమిదవ గడి నిండనిదే పద్దు పూర్తి కాదు.

ఆ ఖాతాలో మొదటి పద్దు ముష్టిచెట్టు. చెప్పినవారి గడిలో అవ్వ పేరు. ఆ దినమునుండి యాత్రలకు ఆమెయే ముందు నడచినది. నేను వెనుక నడచి వ్రాసికొంటిని. మూడేండ్లలో చెఱువుకట్ట, వాగు, కొండ తూర్పుముఖము పూర్తి యైనవి. ఒకనాడు ఆమెను లోనికి పిలిచి ఖాతా చూపితిమి. ఇరువదియేండ్లకు పైగా దినమునకు రెండుమాఱులు ఈ వాకిటి ముందునుండి మేకలను తోలుకొని పోయిన మనిషి గడప దాటుట అదే మొదటిసారి. "చదువు రానిదాన్ని, నాకిక్కడేం పని" అని వెనుకాడినది. పుట తిప్పి ఆమె పేరు చదివి వినిపించితిని. "అంతా నేను చెప్పిందేనా అయ్యా?" అని యడిగి, ఆ పుటపై చేయి పెట్టి కొంతసే పూరకుండెను.

కొండ పడమటి ముఖమును పోయిన యేడు కార్తికమున చూడవలసి యుండెను. వరికోతల సందడిలో ఎవరును రారని, సంక్రాంతి దాటినపిమ్మట పెట్టుకొందమని నేనే వాయిదా వేసితిని. పుష్యమాసమున అవ్వ కాలము చేసినది. పడమటి కొండ యని శీర్షిక వ్రాసి యుంచిన పుట ఖాతాలో ఖాళీగానే యున్నది. ఎంతో కాలము లెక్కలు వ్రాసితిని; నాలో ఇంత బాధ కలిగించిన ఖాళీ పుట మఱియొకటి లేదు. డబ్బు లెక్కలో పొరపాటు పడినచో దిద్దుకొనవచ్చును. ఈ లోటును ఏ పద్దుతో పూడ్చుదును?

సోదరులారా! అవ్వవంటివారు మన యూరిలో ఇంకను కలరు. బుట్టలల్లువారు, తేనె తీయువారు, పశువులకు పసరు పోయువారు, కలుపు తీయుచు ప్రతి మొక్కను వ్రేళ్లతో సహా ఎఱిగిన స్త్రీలు మన నడుమ నున్నారు. 1935 లో కృష్ణా ప్రాంతపు కాలువపై పడవలో పుస్తకములు పెట్టుకొని చదువరుల కడకు గ్రంథాలయము నడచిపోయినది. అక్షరము లేనివారి కడకు కూడ గ్రంథాలయము నడచిపోవలసిన కాలము వచ్చినది. ఈసారి ఇచ్చుటకు గాదు, పుచ్చుకొనుటకు. ఈ రజతోత్సవ సందర్భమున నా విన్నపము ఒక్కటే: నెలకొక యాత్ర తప్పక జరుగవలెను; ప్రతి యాత్రకు అట్టి యెఱుకగలవారొకరు ముందు నడవవలెను; వారికి సభలో పెద్దపీట వేయవలెను.

రేపటి యాత్ర కొండ పడమటి దారిననే. ఇది ఫాల్గుణము. ఆకు రాలిన మోదుగలు నిప్పుకణికలవలె పూచియుండును. బూరుగ పూవులకడ పక్షులు చేరి తేనె త్రాగుచుండును. ఆ ముక్కులకంటిన పుప్పొడియే ఒక పూవునుండి మఱియొక పూవునకు పోవును. మఱ్ఱికాయను విప్పి చూపెదము. కాయయని మన మనుకొను దానిలోపలనే పూవులుండును. కందిరీగ జాతికి చెందిన మిక్కిలి చిన్న పురుగు లోన దూఱి పుప్పొడి చేర్చినగాని గింజ కట్టదు. వాగు వెంబడి దట్టముగ పెరిగిన సర్కారుతుమ్మ మన దేశపుది కాదు. అమెరికా ఖండమునుండి తెప్పించిన గింజలను 1877 ప్రాంతమున కడప మండలపు కమలాపురమున నాటిరి. నాడు వంటచెఱకునకై కోరి తెచ్చికొన్నది. నేడు బీళ్లను, చెఱువు కడుపులను ఆక్రమించుచున్నది. ఏ మొక్క మనది, ఏది వచ్చి చేరినది యను నెఱుక గూడ ఈ నడకలోనే కలుగవలెను.

వచ్చువారికి కొన్ని నియమములు. కాళ్లకు చెప్పులో బూట్లో తొడుగుకొనుడు; చేత కఱ్ఱ యుంచుకొనుడు. రాలిన యాకునే తీసికొనుడు, కొమ్మ విఱువవలదు. ఎవరు చెప్పినను దేనిని నోట పెట్టి రుచి చూడవలదు. యాత్రలో విన్న యుపయోగమును ఇంట మందుగ వాడవలదు. రోగము వచ్చినచో వైద్యుని కడకే పోవలెను. ఆకు జంటగా నున్నదా, ఒంటిగా నున్నదా, పాలు కాఱునా, పూవు ఎన్ని రేకులు, గింజ ఎట్టిది యని నాలుగు వైపుల చూచినగాని పేరు పలుకవలదు. ముఖ్యముగ, తెలియనిచో తెలియదనుడు. ఆ మాట అనలేకపోవుటయే నాటి నా తప్పు.

రేపు తెల్లవాఱుజామున నేను ఈ ముంగిట నుందును. చంకలో ఖాతా యుండును. పడమటి కొండ పుట తెఱచియే యుంచితిని. అందులోని ఎనిమిదవ గడిలో వ్రాయవలసిన పేళ్లు ఈ సభలోనే కూర్చుండి యున్నవని నా నమ్మకము. సిగ్గుపడక ముందుకు వచ్చి నడువుడు. మేము వెనుక వచ్చి వ్రాసికొందుము.